బస్టై వంతెనకి అక్కాబావల్ని తీసుకెళ్ళే ముందు

చి. రవికి,

మావయ్య దీవెనలు. అక్కా బావా మే నెలలో జర్మనీకి, నీ దగ్గరికి డ్రెస్డెన్ వస్తున్నారనీ, ముందుగా అక్కడికి దగ్గర్లో కొండల మీదున్న బస్టై వంతెన చూపిస్తాననీ రాశావు. మంచి ఆలోచన. కాకపోతే అక్క మోకాళ్ళని లెక్కలో పెట్టుకుని దారి ఎంచుకో.

వాళ్ళు రాకముందే ఒక ఆదివారం స్నేహితులతో కలిసి పూర్తి చుట్టు తిరిగి రా. డ్రెస్డెన్‌లో ఎస్‌-1 లోకల్ రైలెక్కి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చో, పిర్నా దాటాక ఎల్బ నదీ, దాని వెనక కొండలూ అటే కనిపిస్తాయి. ముప్పావు గంటలోపే రాటెన్ స్టేషన్. ఊరు అవతలి ఒడ్డున ఉంది, పడవలో దాటాలి. ఆ పడవకి ఇంజను ఉండదు. ఎగువన నదిలో లంగరు వేసిన పొడుగాటి తాడుకి కట్టి ఉంటుంది, పక్కకి వాలిస్తే ప్రవాహమే అవతలికి నెడుతుంది. అందుకే వరదొస్తే ఆపేస్తారు. బయల్దేరే ముందు పడవ నడుస్తోందో లేదో చూసుకో, చిల్లర యూరోలు జేబులో ఉంచుకో.

ఊళ్ళోంచి వంతెనకి మెట్లదారి. ఆగి ఆగి ఎక్కినా ముప్పావు గంట చాలు. పొద్దున్న తొమ్మిదింటికల్లా పైన ఉండాలి. పదిన్నర దాటితే టూరిస్టు బస్సులు దిగుతాయి, ఇక వంతెన మీద నడవడం తిరనాళ్ళలో నడిచినట్టే.

ఆ కొండల రాయి సంగతి ముందే తెలుసుకో. అది మన హైదరాబాదు గుట్టల గ్రానైట్ కాదు, ఇసుకరాయి. గోటితో గీకితే రేణువులు రాలే చోట్లు కూడా ఉంటాయి. తడిస్తే బలం తగ్గుతుంది, వాన పడ్డాక రాళ్ళెక్కేవాళ్ళు కూడా అది ఆరేదాకా ఆగుతారు. కొండ అంచున ఉన్న పాత వ్యూపాయింట్‌ని రాయి అరిగిపోయిందని 2016లో మూసేశారు. ఇప్పుడు నువ్వు నిలబడేది 2023లో తెరిచిన కొత్త వేదిక. కాబట్టి కంచె దాటి ఫోటో దిగకు, రాతి మీద పేర్లు చెక్కకు. నేషనల్ పార్కు కనక డ్రోన్ కూడా కుదరదు. బస్టై అంటే బురుజు అని అర్థం, కింద నదికీ దానికీ 194 మీటర్ల ఎత్తు తేడా.

వంతెనని 1851లో కట్టారు. అంతకుముందు అక్కడ చెక్క వంతెన ఉండేది. ఏడు కమానులు, పొడవు 76.5 మీటర్లు, కింద 40 మీటర్ల లోయ. బళ్ళ కోసం కాదు, చూడవచ్చేవాళ్ళ కోసమే కట్టింది. అయితే దాని మీద నిలబడితే కమానులు కనపడవు! చాలామంది అక్కడే నాలుగు సెల్ఫీలు దిగి వెళ్ళిపోతారు. వంతెన దాటి హోటల్ వైపు నడుస్తుంటే ఫెర్డినాండ్‌స్టైన్ అనే వ్యూపాయింట్‌కి బోర్డు ఉంటుంది, ఇరుకు మెట్లు. పోస్టుకార్డుల్లో చూసే దృశ్యం అక్కడినుంచే. వంతెన పక్కనే ఉన్న నోయిరాటెన్ కోట శిథిలాలకి చిన్న టికెట్టు ఉంది. లోయల మీద ఇనుప నడకదారులు, కళ్ళు తిరిగేవాళ్ళు వెళ్ళకపోతేనే నయం.

దిగడానికి ష్వేడెన్‌లోషర్ అనే ఇరుకు లోయ ఉంది. ముప్పై ఏళ్ళ యుద్ధంలో, 1639లో, స్వీడన్ సైనికులనుంచి తప్పించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అందులో దాక్కున్నారు. దాదాపు 700 మెట్లు. ఎండ పడక నాచు పడుతుంది. క్రితం రోజు వాన పడితే దిశ మార్చు: లోయలోంచి ఎక్కి, వంతెన వైపు దిగు. తడి మెట్లు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే జారతాయి. కింద ఆమ్సెల్‌జే చెరువు దగ్గర కూర్చుని తినొచ్చు. మొత్తం చుట్టు నాలుగు గంటలనుకో. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకో. కొన్నేళ్ళ కరవుకీ, బెరడు పురుగుకీ ఆ అడవిలో స్ప్రూస్ చెట్లు చాలా ఎండిపోయాయి, ఈదురుగాలిలో విరిగిపడతాయి. గాలి హెచ్చరిక ఉంటే ఆ రోజు మానెయ్. దారి మూశామని బోర్డు ఉంటే మాత్రం వెనక్కి తిరుగు, పక్కనుంచి దూరకు.

ఇక అక్కాబావలకి ఈ చుట్టు అక్కర్లేదు. పిర్నాలో రైలు దిగి కొండమీదికి వెళ్ళే బస్సు ఎక్కించు. బస్సు దిగిన చోటినుంచి కొత్త వేదిక దాకా దాదాపు చదునే, అక్క నెమ్మదిగా నడిచేస్తుంది; వంతెన వైపు మాత్రం మెట్లున్నాయి. "ఇంత దూరం వచ్చాం, దిగడమే కదా" అని బావ అంటాడు, ఒప్పుకోకు. మోకాలికి ఎక్కడంకన్నా దిగడమే కష్టం. వచ్చిన బస్సులోనే వెనక్కి తీసుకురా. ఫెర్డినాండ్‌స్టైన్ మెట్ల దగ్గర అక్క చెయ్యి పట్టుకో.

పైన హోటల్లో ధరలు ఎక్కువ, మనవాళ్ళు తినేవి తక్కువ. పులిహోర కట్టుకెళ్ళండి, మనిషికి లీటరు నీళ్ళు, టాయిలెట్టుకి చిల్లర నాణేలు. విస్తరాకులూ కవర్లూ తిరిగి సంచిలో వేసుకురండి. మేలో కూడా పైన గాలి చల్లగా ఉంటుంది, అక్కకి శాలువా ఉంచు. బస్సు దిగగానే స్టాపు స్తంభం మీదున్న వేళల కాగితాన్ని ఫోటో తీసుకో, చివరి బస్సు ఎప్పుడో అందులో ఉంటుంది.

నీ మావయ్య