సూర్యాపేటలో ఆగవలసిన ఫోటాన్

ప్రశ్న: ఎంటాంగిల్ అయిన (ఎంత దూరంలో ఉన్నా కొలత ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే) ఫోటాన్ల, అంటే కాంతి కణాల, జంటలో ఒకదానిని హైదరాబాద్‌లో ఉంచుకొని, రెండవదానిని ఫైబర్ కేబుల్‌లో విజయవాడకు పంపితే అది దారిలోనే పోతుందని చదివాను. ఇంటర్నెట్ సంకేతాలకు పెట్టినట్లే మధ్యలో ఆంప్లిఫైయర్ పెడితే సరిపోదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: సరిపోదండి. వచ్చిన వెలుగుకు నకళ్లు తీసి బలం పెంచేదే ఆంప్లిఫైయర్. తెలియని క్వాంటమ్ స్థితికి అచ్చమైన నకలు తీయడం ప్రకృతిలోనే కుదరదని 1982లో భౌతిక శాస్త్రవేత్తలు వూటర్స్, జురెక్ కలిసి, డీక్స్ విడిగా నిరూపించారు.

మంచి ఫైబర్‌లో కూడా కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ నష్టం ఉంటుంది. ఆ లెక్కన 275 కిలోమీటర్ల దూరంలోని విజయవాడకు పది లక్షల ఫోటాన్లలో చేరేవి దాదాపు మూడు. ఇందుకు విరుగుడుగా క్వాంటమ్ రిపీటర్‌ను 1998లో బ్రీగెల్, డ్యూర్, సిరాక్, జోలర్ ప్రతిపాదించారు. సూర్యాపేట వద్ద దారిని రెండుగా విడగొట్టి, అటొక జంటను, ఇటొక జంటను ఏర్పరచి, మధ్యకు చేరిన రెండింటినీ కలిపి కొలిస్తే, ఎన్నడూ కలవని రెండు చివరలు పరస్పరం ఎంటాంగిల్ అవుతాయి.

చాలా వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి, కానీ అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒక్కో సగంలో వెయ్యికి రెండు కూడా దాటవు. రెండు వైపులవీ ఒకేసారి చేరాలంటే ఆ రెండు అవకాశాలను గుణించాలి, అప్పుడు మళ్లీ పది లక్షలకు మూడే వస్తాయి! అంటే దారిని విడగొట్టినంత మాత్రాన మనకు దక్కినది ఏమీ లేదు. ముందుగా చేరినది రెండవది వచ్చేదాకా చెదరకుండా నిలవాలి, దానికి క్వాంటమ్ మెమరీ కావాలి. ఒక్కో ప్రయత్నానికి, కబురు తిరిగి అందేదాకా, సుమారు 1.4 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, సగటున ఐదు వందల అరవై ప్రయత్నాలకు ముప్పావు సెకను నిలపాలి. పరిసరాల వేడి, అయస్కాంత క్షేత్రపు చిన్న ఒడుదొడుకు కూడా ఆ స్థితిని చెరిపేస్తాయి కనుక ఆ కొద్ది సమయమే ఎంతో కష్టం.

యూరోపియం కలిపిన ఒక స్ఫటికాన్ని పరమశూన్యానికి రెండు డిగ్రీల దగ్గరికి చల్లబరచి, కేంద్రక స్పిన్‌ల (పరమాణు కేంద్రకాలకుండే క్వాంటమ్ గుణం) కోహెరెన్స్‌ను, అంటే ఆ స్థితి చెదరకుండా నిలిచే కాలాన్ని, ఆరు గంటల స్థాయికి తెచ్చినట్లు 2015లో వెల్లడైంది. నన్ను ఎంతో ఉత్సాహపరచిన ఫలితమిది. అయితే అది ఎంటాంగిల్ అయిన ఫోటాన్‌ను దాచిన ప్రయోగం కాదు. దీర్ఘకాలం నిలపడం, వచ్చిన ఫోటాన్‌ను జారవిడవకుండా పట్టుకోవడం, అడిగినప్పుడు తిరిగి ఇవ్వడం, ఈ మూడూ ఒకే పరికరంలో కుదరాలి.

ఇంకొక మాట: సూర్యాపేటలో వచ్చిన కొలత ఫలితాన్ని మామూలు కేబుల్‌లోనే చివరలకు తెలపాలి, కనుక ఈ పద్ధతిలోనూ సందేశం కాంతిని మించి వెళ్లదు.