కొనేవాళ్లు తగ్గుతారని ఇల్లు కొనడం మానుకోవాలా?

ప్రశ్న: నా వయసు 38. ఊరి చివర నాలుగు బెడ్‌రూముల ఇల్లు చూశాను. 25 ఏళ్ల హోమ్ లోన్ తీసుకుంటే వాయిదాలు కట్టగలను. రిటైర్మెంట్ 60కి. ‘పిల్లల్ని కనేవాళ్లే తగ్గిపోతున్నారు, ఇరవై ఏళ్లు పోతే ఇళ్లు కొనేదెవరు? అద్దెకుండు’ అంటున్నాడు మా తమ్ముడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ తమ్ముడి భయం కొత్తదేం కాదు. 1989లో మాంకివ్, వైల్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు దాదాపు ఇదే లెక్క వేశారు. జననాలు తగ్గిన తరం ఇళ్లు కొనే వయసుకొస్తోంది కాబట్టి, ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే 2007 నాటికి ఇళ్ల ధరలు 47 శాతం పడిపోతాయన్నారు. తీరా చూస్తే 1990ల చివరి నుంచి 2006 దాకా అక్కడ ధరలు ఎగబాకాయి. తర్వాత కూలాయి, నిజమే. కానీ కూల్చింది జనాభా కాదు, అప్పులు.

లెక్క ఎక్కడ తప్పిందంటే, ఇల్లు కావాల్సింది తలకొకటి కాదు, కాపురానికొకటి. వెయ్యి మంది ఉన్నచోట ఇంటికి నలుగురైతే 250 ఇళ్లు చాలు. ముగ్గురైతే 333 కావాలి. అవసరం మళ్లీ 250కి దిగాలంటే జనం 750కి తగ్గాలి. పెళ్లిళ్లు ఆలస్యమవడం, ఒంటరిగా ఉండేవాళ్లు పెరగడం, పెద్దవాళ్లు ఎక్కువకాలం బతికి విడిగా ఉండడం... అన్నీ ఇంటికి సగటు మనుషుల్ని తగ్గించేవే. అయితే దీనికీ ఒక హద్దుంది. ఇంటికి ఒక్కరికంటే తగ్గరు కదా!

ఆ హద్దు దగ్గరపడ్డా దెబ్బ అన్నిచోట్లా ఒకేలా తగలదు. జపాన్‌లో 2023 సర్వే ప్రకారం ఖాళీ ఇళ్లు దాదాపు 90 లక్షలు, మొత్తం ఇళ్లలో 13.8 శాతం. అదే కాలంలో టోక్యోలో కొత్త అపార్ట్‌మెంట్ల ధరలు పెరుగుతూ వచ్చాయి. పనులున్న చోటికి కుర్రకారు పోతుంది, వెనక మిగిలిన ఊళ్లలో తాళాలు పడతాయి.

కాబట్టి జనాభాని పక్కనపెట్టి, మీ ఇల్లు రేపు ఎవరు కొంటారో చూడండి. నాకు అనుమానం ఆ నాలుగు బెడ్‌రూముల మీదే. మీరు అమ్మే నాటికి మీ వీధిలో మీ వయసువాళ్లూ అలాంటి ఇళ్లే అమ్మకానికి పెడతారు. కొనడానికొచ్చేది ఇద్దరో ముగ్గురో ఉన్న కుటుంబం. ఇంటిని రెండు పోర్షన్లుగా చేసే వీలుందా, విడి మెట్లు, విడి కరెంటు మీటరు పెట్టుకోవచ్చా అడగండి. కింద అంతస్తులో, మెట్లెక్కే పనిలేని బెడ్‌రూమూ బాత్‌రూమూ ఉండాలి. మోకాళ్లు అరిగాక మీకూ అదే దిక్కు.

ఒక పనిదినం రాత్రి ఎనిమిదింటికి వెళ్లి ఆ వీధిలో దీపం వెలగని ఇళ్లు లెక్కపెట్టండి. మరో రోజు మళ్లీ వెళ్లి, రెండుసార్లూ చీకటిగా ఉన్నవే లెక్కలోకి తీసుకోండి. దగ్గరి బడిలో ఒకటో తరగతి చేరికలు గత ఐదేళ్లలో పెరిగాయా, తగ్గాయా కనుక్కోండి. పాత ఇల్లు అమ్ముడవడానికి ఎన్ని నెలలు పడుతోందో బ్రోకర్‌ని కాదు, ఈమధ్యే అమ్మినవాళ్లని అడగండి.

ఇక అప్పు. 38లో మొదలైన 25 ఏళ్ల లోన్ 63కి తీరుతుంది. వడ్డీ 9 శాతం, అప్పు 100 అనుకుంటే మీరు రిటైరయ్యే రోజుకి ఇంకా 26 మిగిలే ఉంటుంది. అదే 22 ఏళ్లకు పెట్టుకుంటే నెల వాయిదా పెరిగేది 4 శాతం లోపే. ఆ కాస్త కట్టలేకపోతే ఆ ఇల్లు మీ స్తోమతకు మించినదే. వడ్డీ రేటు పెరిగినప్పుడు చాలా బ్యాంకులు వాయిదా కదల్చకుండా గడువు పొడిగిస్తాయి. అలాంటప్పుడు గడువు వద్దు, వాయిదానే పెంచమని రాతపూర్వకంగా అడగండి.

మీరే ఉండటానికైతే, పదేళ్లు కదలరనుకుంటే, ఈ పరీక్షలు నెగ్గిన ఇల్లు కొనండి. ఆరేడేళ్లలో వేరే ఊరు పోయే అవకాశముంటే మీ తమ్ముడి మాటే వినండి. ఐదిళ్లకొకటి చీకటిగా కనిపిస్తే మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి. ఆ వీధిలోనే ఏడాది అద్దెకుండి చూడండి.