ఆరుగురు మనుషులు, ఐదు సీట్ల కారు

ప్రశ్న: మాది గుంటూరు, పట్టాభిపురం. నా వయసు 39. ఉద్యోగం విజయవాడలో, రోజూ రైల్లో వెళ్ళొస్తాను. చేతికి 85 వేలు వస్తుంది. మా ఆవిడ టీచరు, ఆమెకి 32 వేలు. పాప ఏడో తరగతి, బాబు రెండో తరగతి. అమ్మానాన్న మా దగ్గరే ఉంటారు. 2013లో కొన్న చిన్న కారు ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందులో ఎక్కి దిగడం కష్టంగా ఉంది. అందుకని మిడ్‌సైజ్ ఎస్‌యూవీ చూశాం. ఎక్స్‌షోరూమ్ 15.80 లక్షలు, ఆన్‌రోడ్ 19.90. బ్యాంకు 13 లక్షలు ఏడేళ్ళకి, 9 శాతం వడ్డీకి ఇస్తానంటోంది. మిగతా దానికి 5 లక్షల చీటీ ఉంది, యాభై నెలల్లో 32 అయ్యాయి, ఇప్పుడు పాడితే 4.30 వస్తుంది. పాత కారుకి 1.60 ఇస్తామన్నారు, బ్యాంకులో లక్ష ఉంది. పెట్రోలు తీసుకోవాలా, మూడు లక్షలు ఎక్కువైనా హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండేది) తీసుకోవాలా? జీఎస్టీ తగ్గింది కాబట్టి ఇప్పుడే మంచి టైమ్ అని మా బావగారు అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ముందు మనుషుల్ని లెక్కపెట్టాను. మీరిద్దరు, పిల్లలిద్దరు, అమ్మానాన్న. ఆరుగురు. మీరు చూసిన బండికి ఐదు సీట్లు, ఐదు బెల్టులు. ‘బాబు ఒళ్ళో కూర్చుంటాడులెండి’ అని ఉత్తరం చివర్లో ఒక మాట రాశారు. ఏడేళ్ళ పిల్లాడు ఒళ్ళో పట్టే వయసు దాటిపోయాడు. నాలుగేళ్ళు పోతే వాడు మీ భుజం దాకా వస్తాడు, ఈ లోను అప్పటికీ తీరదు. ఇరవై లక్షలు పెట్టి కొత్త బండి కొని, నరసరావుపేట అత్తగారింటికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఎవరు ఉండిపోవాలా అని చూసుకోవడం నాకు నచ్చలేదు.

ఈ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు డబ్బు.

మీరు పంపిన ఖర్చుల వివరం ప్రకారం ఇంటి లోను 26 వేలు, పిల్లల ఫీజులు నెలకి 12, ఇంటి ఖర్చు 30, అమ్మానాన్నల మందులు 5, చీటీ 10, సిప్ (మ్యూచువల్ ఫండులో నెలనెలా కట్టేది) 8, ఎల్‌ఐసీ 4. మొత్తం 95 వేలు. వచ్చేది 1.17 లక్షలు కాబట్టి నెలకి 22 వేలు మిగులుతోంది. 13 లక్షల లోనుకి ఈఎంఐ 20,900 చిల్లర. 22లో 21 పోతే ఇంకా వెయ్యి మిగులుతుంది కదా అని మీరు ధైర్యంగా ఉన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది కారు లెక్క ఇక్కడితో ఆపేస్తారు. కారు మాత్రం ఈఎంఐతో నడవదు.

ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు దాటదన్నారు. ఊళ్ళో, బయటా కలిపి ఇలాంటి పెట్రోలు బండి లీటరుకి 13 ఇస్తుందనుకుందాం. లీటరు 110 చొప్పున ఏడాదికి 67 వేల పైమాటే, అంటే నెలకి 5,600. ఇన్సూరెన్సు నెలకి పంచితే ఒక 3,500. సర్వీసింగు, టైర్లు, బ్యాటరీ కలిపి 1,500 పెట్టండి. ఈఎంఐతో కలిపితే 31,500. పాత కారు ఖర్చు ఒక మూడు వేలు తగ్గుతుంది, అది తీసేసినా 28,500. మీకు మిగిలేది 22. ఆరున్నర వేలు ఎక్కడినుంచి తెస్తారు? సిప్ ఆపేస్తారు. అది పాప చదువు కోసం కడుతున్నదని మీరే రాశారు.

పైగా బ్యాంకులో ఉన్న ఆ ఒక్క లక్షా షోరూముకి వెళ్ళిపోతోంది. నాన్నగారికి 68, అమ్మగారికి 64. ఇద్దరికీ మీ ఆఫీసు గ్రూప్ పాలసీ తప్ప వేరే హెల్త్ ఇన్సూరెన్సు లేదన్నారు. ఉద్యోగం మారితే ఆ పాలసీ అక్కడితో సరి. వాళ్ళిద్దరికీ విడిగా పాలసీ తీసుకోకుండా మీకు ఏ కారూ కొనమని చెప్పలేను. జీఎస్టీ సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ ఇన్సూరెన్సు ప్రీమియం మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు. బావగారు చెప్పిన తగ్గింపు కన్నా మీ ఇంటికి ఇది పెద్ద తగ్గింపు. కారు విషయానికొస్తే, నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజను ఉన్న వాటికే పన్ను 18 శాతానికి దిగింది. మీరు చూసింది నాలుగు మీటర్లు దాటిన బండి. 1500 సీసీ లోపు పెట్రోలు రకానికి అంతకుముందు సెస్సుతో కలిపి 45 శాతం ఉండేది, ఇప్పుడు 40. మీ కొటేషన్‌లో ఆ తగ్గింపు ఇప్పటికే కలిసిపోయి ఉంది. రేపో ఎల్లుండో పోయే ఆఫరేం కాదు, దానికి టెన్షన్ పడకండి.

ఇక ఆ కొటేషన్. 15.80 ఎలా 19.90 అయిందో విప్పి చూస్తే, పెద్ద వాటా మన రాష్ట్రం లైఫ్ ట్యాక్సుది. పది లక్షలు దాటి ఇరవై లక్షల లోపు ఉన్న కారుకి 17 శాతం, అంటే 2.69 లక్షలు. దాన్ని ఎవరూ తప్పించుకోలేరు. టీసీఎస్ అని 15,800 వేశారు, అది ధరలో ఒక శాతం. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమ అయ్యే పన్ను. రిటర్ను వేసేటప్పుడు చూపిస్తే మీ పన్నులో సర్దుతారు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. ఈ ముక్క షోరూములో ఎవరూ చెప్పరు. యాక్సెసరీలు 38 వేలు వేశారు. వాటిలో ఫ్లోర్ మ్యాట్లు తప్ప మీకు కావలసింది నాకేం కనిపించలేదు.

ఇన్సూరెన్సు 62 వేలు వేశారు. దీని దగ్గర కాస్త ఆగాలి. మీ పాత కారు మీద ఆరేళ్ళుగా క్లెయిము లేదన్నారు. అంటే మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. ఆ బోనస్ కారుది కాదు, మీది. పాత బండి అమ్మేటప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త బండి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మీ బండికే జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, సగం తగ్గిస్తారు. ఆ భాగం 38 వేలుంటే 19 వేలు మిగిలినట్టే. పాలసీ షోరూములోనే తీసుకోవాలన్న రూలు కూడా లేదు, బయట రెండు చోట్ల అడిగి చూడండి.

అడిగేటప్పుడు ఇంజన్ ప్రొటెక్షన్ ఉందో లేదో కూడా అడగండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా క్లయింటు ఒకాయన కారు మూడు రోజులు నీళ్ళలో ఉంది. కొని ఏడాది కూడా కాలేదు. నీళ్ళు తీశాక నేను వెళ్ళి చూశాను. సీటు మీద నడుము ఎత్తున మట్టి గీత, తలుపు తెరిస్తే కుళ్ళిన చెరువు వాసన. ఆయన ఆత్రంగా తాళం తిప్పి స్టార్ట్ చేశాడు, ఇంజన్‌లోకి నీళ్ళు పోయి అక్కడే పట్టేసింది. సీట్లకీ వైరింగుకీ డబ్బులొచ్చాయి, ఇంజనుకి రాలేదు. ఏడాదికి కొద్దిపాటి ప్రీమియం మిగులుతుందని ఆ కవరు వద్దన్నది ఆయనే. మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు, తోయించుకుని వెళ్ళాలి. మీది గుంటూరే అయినా, మీ చెల్లెలి ఇల్లు సింగ్‌నగర్‌లో ఉందని రాశారు కాబట్టి ఇంత చెప్పాను.

హైబ్రిడ్ ప్రశ్నకి జవాబు చిన్నదే. మీకు వద్దు. గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్లకి కాగితం మీద మైలేజీ 27.97. రోడ్డు మీద 21 వచ్చిందనుకున్నా, మీ ఎనిమిది వేల కిలోమీటర్లకి ఏడాదికి మిగిలే పెట్రోలు 26 వేల రూపాయలది. మూడు లక్షలు తిరిగి రావడానికి పదకొండేళ్ళు దాటుతుంది. రైలు మానేసి రోజూ కార్లో విజయవాడ వెళ్ళొస్తే ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు అవుతుంది, అప్పుడు హైబ్రిడ్ గిట్టుబాటే. కాజా టోలుకి కూడా 2025 ఆగస్టు 15న మొదలైన 200 ట్రిప్పుల వార్షిక పాసు పనికొస్తుంది, మొదట్లో దాని ధర మూడు వేలు. కానీ సీజన్ టికెట్టు మీద హాయిగా కూర్చుని వెళ్తున్న మనిషిని వారధి ట్రాఫిక్‌లోకి నేను దింపను. ఇంకొకటి, ఆ హైబ్రిడ్లలో బ్యాటరీ వెనకవైపు ఉంటుంది, డిక్కీ చిన్నదైపోతుంది.

ఇప్పుడు సీట్ల సంగతి. అమ్మగారి మోకాళ్ళకి ఎత్తు సీటు కావాలన్నది నిజమైన అవసరం, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ ఎత్తు ఎస్‌యూవీ అని పేరున్న వాటిలోనే ఉండదు. ఎర్టిగా, కారెన్స్ లాంటి మూడు వరసల బండ్లలో మధ్య సీటు కూడా మీ పాత కారు సీటు కన్నా ఎత్తుగానే ఉంటుంది. మీరు అనుకున్న డబ్బు కన్నా తక్కువలో దొరుకుతాయి. ‘ఎర్టిగా కొంటే ట్యాక్సీ అనుకుంటారు’ అని బావగారు అన్నారట. ట్యాక్సీవాళ్ళు రూపాయి రూపాయి లెక్క చూసుకుని కొంటారు, అది ఆ బండికి మంచి సర్టిఫికెట్టే అని నా లెక్క.

వీటిలోనూ లోటు లేకపోలేదు. మీరు చూసిన తరహా ఎస్‌యూవీల్లో క్రెటా డిక్కీ 433 లీటర్లు, ఎలివేట్‌ది 458. మూడు వరసలూ లేపి ఉంచితే ఎర్టిగాలో 209, కారెన్స్‌లో 216. అంటే ఏడుగురు కూర్చుంటే సూట్‌కేసులు పైన కట్టాల్సిందే. మీరు ఆరుగురే కాబట్టి వెనక వరసలో ఒక సీటు మడిస్తే కొంత చోటు వస్తుంది. తిరుపతికి అది చాలదనుకోండి. ఏడాదికి ఒక్క తిరుపతి ప్రయాణానికి డ్రైవరుతో పెద్ద బండి అద్దెకి తీసుకుంటే పదిహేను, పదహారు వేలవుతుంది. ఆ ఒక్క ప్రయాణం కోసం ఏడేళ్ళ లోను పెంచుకోవడం లెక్కకి నిలవదు.

క్రాష్ టెస్టు నక్షత్రాలు మాత్రం తప్పకుండా చూడండి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద కార్లని మన దగ్గరే ఢీకొట్టి పరీక్షించి నక్షత్రాలిస్తున్నారు. వెనక సీట్లలో కూర్చునేది పిల్లలే కాబట్టి పెద్దల మార్కులే కాదు, పిల్లల మార్కులు విడిగా ఎన్ని వచ్చాయో అడగండి. సన్‌రూఫ్ కోసం పై వేరియంటుకి వెళ్ళకండి. మే నెల గుంటూరు ఎండలో దాన్ని తెరిచినవాణ్ణి నేనింకా చూడలేదు. నా కార్లో ఉంది, దాని తెర జరిపి రెండేళ్ళయింది.

నా సలహా, ఇప్పుడు కొనొద్దు. పద్దెనిమిది నెలలు ఆగండి. పాత కారుకి ఆర్‌సీ 2028 దాకా ఉంది. మొదటి రెండు నెలల మిగులులో 30 వేలు పెట్టి టైర్లు, ఏసీ చేయించండి. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, సీటు పూర్తిగా వెనక్కి జరిపి, కింద గట్టి దిండు వేయండి. అమ్మానాన్నల హెల్త్ పాలసీకి నెలకి ఏడు వేలు పక్కన పెట్టండి. మూడో నెల నుంచి 15 వేలు ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా దాచే డిపాజిట్టు) కట్టండి, ఈఎంఐ కడుతున్నట్టే అనుకోండి. రెండు నెలలు వరసగా ఆర్‌డీ తప్పితే మీ ఇంటికి ఈఎంఐ ఎంత బరువో మీకే తెలుస్తుంది, అదీ బ్యాంకు జరిమానా లేకుండా.

చీటీ చివరిదాకా ఉంచితే కమీషన్ పోను 4.75 వస్తుంది. ఇప్పుడు పాడితే 4.30, పైగా మిగతా పద్దెనిమిది నెలలూ పది వేలు కడుతూనే ఉండాలి. అంటే కారు లోనుతో పాటు ఇంకో అప్పు నెత్తికెత్తుకున్నట్టే. చివర్లో చీటీ డబ్బు, ఆర్‌డీ రెండున్నర లక్షలు, పాత కారుకి ఒక 1.30 కలిపితే 8.55. పన్నెండు లక్షల ఎక్స్‌షోరూమ్ బండి ఆన్‌రోడ్ 14.70 దాకా పడుతుంది. లోను 6.20 లక్షలు, ఐదేళ్ళకే తీసుకోండి. ఈఎంఐ 12,900. అప్పటికి చీటీ కట్టే పని ఉండదు కాబట్టి నెల మిగులు 32 వేలు. కారు ఖర్చంతా, హెల్త్ పాలసీ కూడా కలిపి 28 వేల లోపే. బ్యాంకులో లక్ష అలాగే ఉంటుంది. ధరలు కాస్త పెరిగినా ఈ లెక్క తట్టుకుంటుంది.

అప్పటిదాకా ఆగలేకపోతే మూడు నాలుగేళ్ళు వాడిన బండి చూడండి. మూడేళ్ళు దాటిన కారుని ఇన్సూరెన్సు కంపెనీలు 40 శాతం తరుగు తీసి లెక్కగడతాయి. మీ 15.80 లక్షల బండి విలువ ఆ లెక్కన 9.48కి వస్తుంది. ఆ తరుగేదో మొదటి యజమాని భరిస్తాడు. సెకండ్ హ్యాండ్ లోనుకి వడ్డీ ఎక్కువ, అది చూసుకోండి.

ఇంకో పని. ఈ ఆదివారం ఆరుగురూ కలిసి షోరూముకి వెళ్ళండి. కొనడానికి కాదు. అమ్మగారు చీర కట్టుకునే వెళ్ళాలి, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా మూడుసార్లు ఎక్కి దిగాలి. మొదటిసారి అందరూ బాగుందనే అంటారు, మూడోసారి ఆవిడ చెయ్యి పట్టు కోసం దేన్ని వెతుకుతుందో చూడండి. నాన్నగారిని మధ్య వరసలో, పాపని వెనక వరసలో కూర్చోబెట్టి పావుగంట తిప్పమనండి. ఇంటికొచ్చి మీ అపార్టుమెంటు సెల్లారులో పిల్లర్ల మధ్య టేపు పట్టి కొలవండి. ఈ బండ్ల వెడల్పు 1.80 మీటర్ల దాకా ఉంటుంది, ఆ పైన తలుపు తెరుచుకోవాలి, అమ్మగారు దిగాలి.

చీటీ పాట ఈ నెల 12న అన్నారు. ఆ రోజు పాడకుండా ఊరుకోండి.