ఉమ్మి, ఊచ: స్పిట్‌కీ బ్రోచ్‌కీ ఇన్ని అర్థాలెందుకు?

సందేహం: ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేస్తున్నాను. అందులో మాంసాన్ని స్పిట్ మీద తిప్పుతుంటారు. స్పిట్ అంటే ఉమ్మి కదా! ఇంకోచోట ఒకాయన పెళ్లి విషయం ‘బ్రోచ్’ చేశాడని ఉంది, నిఘంటువు చూస్తే దానికీ మాంసం గుచ్చే ఊచ అనే అర్థం ఉంది. ఈ రెండు మాటలకూ ఏమిటీ గందరగోళం?

సమాధానం: గందరగోళం అంతా స్పిట్‌లోనే ఉందండీ. అవి నిజానికి రెండు వేరువేరు మాటలు. ఉమ్మి అనే స్పిట్ ఉమ్మే చప్పుడును బట్టి పుట్టింది, ఊచ అనే స్పిట్‌కి దానితో చుట్టరికమే లేదు, కాలక్రమంలో రెండూ ఒకే రూపానికి వచ్చాయి, అంతే. సముద్రంలోకి సన్నగా సాగిన ఇసుక తిన్నెనూ స్పిట్ అంటారు, అది మాత్రం ఊచ వైపు బంధువే, ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు.

బ్రోచ్ కథ వేరు. దీని అర్థాలన్నీ ఒకే వేరు నుంచి వచ్చాయి. లాటిన్‌లో బ్రోక్కుస్ అంటే ముందుకు పొడుచుకొచ్చిన (పళ్ల గురించి చెప్పేవారు). అది ఫ్రెంచిలో బ్రోష్ అయి, ఊచ అనే అర్థంతో ఇంగ్లీషులోకి వచ్చింది. బట్టకు గుచ్చుకునే నగ బ్రోచ్ కూడా ఇదే మాట, స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా. సారా పీపాకు బెజ్జం పొడిచి మొదటి చుక్క బయటికి తీయడాన్నీ బ్రోచ్ చేయడం అన్నారు. అక్కణ్ణుంచే, అప్పటిదాకా బిగించి ఉన్న విషయాన్ని మొదటిసారి బయటికి తీయడం అనే అర్థం వచ్చింది. ఆఖరికి కాగితాలు కుట్టి చేసిన బ్రోషర్ కూడా ఈ కుటుంబంలోదే!

ఇది మనకు వింతగా తోచనక్కర్లేదు. మన ‘పొడుచు’ చూడండి. కత్తితో పొడుస్తాం, పన్ను పొడుచుకొస్తుంది, పొద్దు పొడుస్తుంది, సూటిపోటి మాటలతో మనసూ పొడుస్తారు. గుచ్చడమూ బయటికి రావడమూ ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి. నాకైతే లాటిన్ మాటకు ఇంతకంటే దగ్గరి తెలుగు మాట కనిపించదు.

ఇక మీ అనువాదం. మాంసం దగ్గర ‘ఇనుప ఊచ’ లేదా ‘చువ్వ’ అని రాయండి, చిన్నదైతే ‘పుల్ల’ చాలు. సంస్కృతంలో శూలానికి గుచ్చి కాల్చిన మాంసాన్ని శూల్యం అంటారు గానీ, ‘శూలం’ అని రాస్తే తెలుగు పాఠకుడికి ఆయుధమే కళ్లకు కడుతుంది, వద్దు. పెళ్లి విషయం దగ్గర చాలామంది ‘ప్రస్తావించాడు’ అని రాసేస్తారు. తప్పు కాదు, కానీ అందులో ఆ జంకు రాదు. ఎలా ఎత్తాలా అని తటపటాయించి మొదటిసారి నోరు విప్పడం కదా అది, దానికి మనవాళ్లు అనే మాటే ఉంది: ‘పెళ్లి మాట కదిపాడు’.