మన హాకీ జట్టు ఓడిపోతున్న రోజుల్లో ఆడి, ఇప్పుడెవరూ తలుచుకోని ఆటగాళ్ళలో మీకు గుర్తున్నవాళ్ళు ఎవరు?

ఈ ప్రశ్న చూడగానే నాకు పావుకిలో జిలేబీ గుర్తొచ్చింది. ఎందుకో చెప్తాను.

2000 సెప్టెంబరు, సిడ్నీ ఒలింపిక్స్. మాది సికింద్రాబాద్. నాన్న రైల్వేలో గుమాస్తా, హాకీ అంటే ప్రాణం. ఆ రోజు ఇండియా ఆఖరి లీగ్ మ్యాచ్ పోలండ్‌తో. గెలిస్తే సెమీఫైనల్. అర్జెంటీనాను కొట్టాం, ఆస్ట్రేలియాతో డ్రా చేసుకున్నాం, కొరియా చేతిలో ఓడాం, స్పెయిన్‌ను కొట్టాం. పోలండ్ ఎంత చెప్పండి! 1-0 ఆధిక్యంలో ఉన్నాం, ఆట అయిపోవస్తోంది. నాన్న చొక్కా జేబులోంచి నోటు తీసి నా చేతిలో పెట్టి, "పోయి జిలేబీ పట్రా, పక్కింటోళ్ళకు కూడా పెడదాం" అన్నాడు. నేను మెట్లు దిగి, కొట్టు దాకా పరిగెత్తి, పొట్లం పట్టుకుని తిరిగొచ్చేసరికి టీవీ ముందు ఎవరూ మాట్లాడటం లేదు. చివరి రెండు నిమిషాల్లో పోలండ్ గోల్ కొట్టేసింది. 1-1. సెమీఫైనల్ పోయింది, చివరికి ఏడో స్థానం దక్కింది. నాన్న నా వైపు చూసి, "నువ్వు లేచిపోయినవ్ గనకే" అన్నాడు. పంపింది ఆయనే! ఆ జిలేబీ రెండు రోజులు వంటింట్లో అలాగే ఉండిపోయింది.

ఆ జట్టులో మా ఊరివాడు ఒకడున్నాడు. నందనూరి ముకేశ్ కుమార్. హైదరాబాదీ, ఫార్వర్డ్. ఇవాళ మా మేనల్లుడి వయసు పిల్లల్ని అడిగితే ముకేశ్ కుమార్ అంటే క్రికెట్ బౌలర్ అంటారు. మా ముకేశ్ 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, మూడు ఒలింపిక్స్ ఆడాడు. మన జట్టు స్థానాలు వరుసగా ఏడు, ఎనిమిది, ఏడు. 1995లో అర్జున అవార్డు వచ్చింది, 2003లో పద్మశ్రీ వచ్చింది. ఒలింపిక్ మెడల్ మాత్రం రాలేదు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఇదే మనిషి ముప్పై ఏళ్ళు ముందు పుట్టి, మనం గెలిచే రోజుల్లో ఆడి ఉంటే సికింద్రాబాద్‌లో ఏదో ఒక చౌరస్తాకు ఆయన పేరు పెట్టి ఉండేవారని.

మేం ఆడింది మట్టి గ్రౌండ్‌లో. బంతి ఎటు ఎగురుతుందో ఆ దేవుడికే తెలియాలి. అందుకే బంతిని స్టిక్‌కు అతికించుకుని, ఒకర్ని తప్పించి, ఇంకొకర్ని తప్పించి పోవడమే మాకు తెలిసిన ఆట. స్టిక్ విరిగితే ఫెవికాల్ పూసి, పాత సైకిల్ ట్యూబ్ చీల్చి బిగించి చుట్టేవాళ్ళం. మొదటిసారి టర్ఫ్ మీద, అంటే కృత్రిమ గడ్డి మీద, అడుగుపెట్టినప్పుడు బంతి నా స్టిక్ దగ్గరికి వచ్చేలోపే వెళ్ళిపోయింది. పైగా పడ్డానంటే మోకాలి చర్మం లేచిపోయేది. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్ హాకీ టర్ఫ్ మీదికి మారింది, ఆ ఏడాదే మనం ఏడో స్థానానికి పడిపోయాం. 1980 మాస్కోలో బంగారం వచ్చింది నిజమే, కానీ అప్పుడు చాలా పెద్ద జట్లు బాయ్‌కాట్ వల్ల రాలేదు. మట్టిలో ఆట నేర్చుకుని టర్ఫ్ మీద ప్రపంచంతో ఆడిన తరం అది. వాళ్ళను టీవీ ముందు కూర్చుని నేనూ తిట్టాను, కాదనను.

సిడ్నీ జట్టు పేర్లు నాన్నకు ఇప్పటికీ నోటికి వస్తాయి. కెప్టెన్ రమణ్‌దీప్ సింగ్, గోల్‌లో జూడ్ మెనెజెస్, వెనకాల దిలీప్ టిర్కీ, లాజరస్ బార్లా, మధ్యలో మహమ్మద్ రియాజ్, తిరుమల్‌వలవన్, ముందు ధన్‌రాజ్ పిళ్ళై, సమీర్ దాద్... రేషన్ కార్డులో పేర్లు చదివినట్టు చదువుతాడు. వీళ్ళలో ధన్‌రాజ్ పేరు అందరికీ తెలుసు, దిలీప్ ఇప్పుడు హాకీ ఇండియా అధ్యక్షుడు కాబట్టి ఆయన పేరూ వినబడుతుంది. మిగతావాళ్ళ సంగతి చెప్పండి?

గోల్‌కీపర్ల కథ మరీ అన్యాయం. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల ఫైనల్లో కొరియాతో ఆట సమమై పెనాల్టీ స్ట్రోకుల దాకా వెళ్ళినప్పుడు వాటిని ఆశీష్ బల్లాల్ అడ్డుకున్నాడు. 32 ఏళ్ళ తర్వాత ఆసియా బంగారం. తిరిగొచ్చాక ఏం జరిగిందో తెలుసా? ఆ జట్టులో కొంతమందిని పక్కన పెట్టేశారు. కెప్టెన్ ధన్‌రాజ్‌తో పాటు బల్లాల్ కూడా ఆ లిస్టులో ఉన్నాడు. గెలిచినందుకు శిక్ష వేయడం మన హాకీ పెద్దలకే చెల్లింది.

ఇంకో గోల్‌కీపర్ బల్జీత్ సింగ్. 2009లో పుణె క్యాంపులో చురుకుదనం కోసం గోల్ఫ్ బంతులతో ప్రాక్టీస్ చేస్తుంటే ఒక బంతి హెల్మెట్ సందులోంచి దూరి కంటికి తగిలింది. కెరీర్ అక్కడితో ఆగిపోయింది. ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. పక్క సీటాయనకు చెప్తే, "హాకీలో గోల్ఫ్ బంతేమిటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. గోల్‌కీపర్ కాదుగానీ, జుగ్‌రాజ్ సింగ్‌దీ అలాంటి కథే. పెనాల్టీ కార్నర్ (గోల్ దగ్గర అవతలివాళ్ళు తప్పు చేస్తే మనకొచ్చే అవకాశం) వస్తే చాలు, అతను కొడితే గోల్ అయినట్టే అనిపించే రోజుల్లో, 2003లో, ఇరవై ఏళ్ళ వయసులో కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు.

మధ్యలో ఒక మంచి ముచ్చట కూడా ఉంది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ మన గచ్చిబౌలిలోనే జరిగింది, హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. ఇది చెప్తే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. నేనూ నాన్నా మెహదీపట్నంలో బస్సు మారి వెళ్ళేవాళ్ళం. టీవీలో కనబడనిదేమిటంటే, తడిపిన టర్ఫ్ మీద బంతి పోతుంటే దాని వెనక సన్నగా నీళ్ళు లేస్తాయి, తోక ఉన్నట్టు. దెబ్బ కొట్టిన చప్పుడు విని తేరుకునేలోపే బంతి గోల్ బోర్డుకు తగిలి ఉంటుంది. మా వెనక వరసలో ఒక పెద్దాయన మ్యాచంతా "అరె, పాస్ ఇయ్యరా నాయనా, పాస్ ఇయ్యి" అని బతిమాలుతూనే ఉన్నాడు. ఏ జట్టువాళ్ళను అంటున్నాడో చివరిదాకా అర్థం కాలేదు. ఆ లీగ్ 2008తో ఆగిపోయింది.

2008 గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. చిలీలోని శాంటియాగోలో, బీజింగ్ ఒలింపిక్స్ అర్హత పోటీ ఫైనల్లో, బ్రిటన్ మొదటి పది నిమిషాల్లోనే రెండు గోల్స్ కొట్టింది, మనం ఒక్కటీ కొట్టలేదు. 1928 తర్వాత మనం లేని మొదటి ఒలింపిక్ హాకీ బీజింగ్‌దే. అప్పటి కెప్టెన్ ప్రబోధ్ టిర్కీ. పాపం, ఆయన పేరు ఎక్కడ కనబడినా పక్కన శాంటియాగో కూడా ఉంటుంది. మిగతా రోజులన్నీ ఎలా ఆడాడో ఎవరికీ అక్కర్లేదు.

2012 లండన్ అయితే మరీ ఘోరం. ఆరు మ్యాచ్‌లు, ఆరు ఓటములు, పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. కెప్టెన్ భరత్ చెత్రి, కాలింపాంగ్ నుంచి వచ్చిన గోల్‌కీపర్. జట్టు ఓడితే గోల్‌కీపర్‌ని తిడతారు, కెప్టెన్‌ని తిడతారు. చెత్రికి రెండూ కలిపి పడ్డాయి. తుషార్ ఖండ్కర్, ఇగ్నేస్ టిర్కీ లాంటివాళ్ళకూ అదే ఒలింపిక్స్ చివరి జ్ఞాపకంగా మిగిలింది. కానీ ఆ జట్టులోనే శ్రీజేశ్ ఉన్నాడు, మన్‌ప్రీత్ ఉన్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత టోక్యోలో కాంస్యం తెచ్చిన కెప్టెన్ ఈ మన్‌ప్రీతే. శివేంద్ర సింగ్ కూడా లండన్‌లో ఆడినవాడే, టోక్యోకు కోచింగ్ బృందంలో వెళ్ళాడు. ఆ పన్నెండో స్థానం జట్టులో ఎవరికి ఇంకో అవకాశం వచ్చిందో వాళ్ళే గుర్తున్నారు. చెత్రికి రాలేదు, అంతే తేడా అని నా లెక్క.

2021 ఆగస్టు 5, ఉదయం ఏడింటికి టోక్యోలో కాంస్యం కోసం జర్మనీతో మ్యాచ్ మొదలైంది. నాన్నకు అప్పటికి మోకాళ్ళు పోయాయి, కుర్చీలోంచి లేవడమే కష్టం. 3-1తో వెనకబడ్డప్పుడు పేపర్ చేతిలోకి తీసుకున్నాడు. 5-3 అయ్యాక పక్కన పెట్టాడు. 5-4 అయింది. ఆరు సెకన్లు ఉండగా జర్మనీకి పెనాల్టీ కార్నర్. నాకు గొంతు ఎండిపోయి, మంచినీళ్ళు తాగుదామని లేవబోయాను. నాన్న టీవీ మీంచి చూపు తిప్పకుండానే నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"కూర్చో. జిలేబీ తర్వాత తెచ్చుకుందాం."