బండలో నీళ్ళు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగం లాల్‌బాగ్ బండ గురించే వచ్చాయి. ఫ్లవర్ షోకి వెళ్ళినవాళ్ళు పూల సంగతి వదిలేసి రాయి సంగతి అడుగుతుంటే నాకు పండగలా ఉంది. మా ఆవిడ మాత్రం "మీ రాళ్ళ పిచ్చి ఊరందరికీ అంటించారు" అంటోంది.

ప్రశ్న: జనం తాకిడికి తట్టుకోలేక లాల్‌బాగ్ బండెక్కి కూర్చున్నాం. 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి అని బోర్డు చూశాం. ఆరో తరగతి చదివే మా అబ్బాయి "ఇది గ్రానైటేనా అమ్మా? మన వంటింటి గట్టుకి ఈ చారలు లేవే" అన్నాడు. వాడికేం చెప్పను?
– ఓ గృహిణి, విజయనగర్, బెంగళూరు

జవాబు: ముందు మీవాడికి నా పేరు చెప్పి ఒక బెల్లం ముక్క పెట్టండమ్మా. చార ఉందా లేదా అని చూడడం మాకు ఎమ్మెస్సీలో నేర్పారు, వాడికి ఆరో తరగతిలోనే వచ్చేసింది.

అది గ్రానైట్ కాదు, దాని చుట్టం. నైస్ అంటారు. మన దక్షిణాదిలో చాలా భాగానికి పునాది ఈ రాయే. దీనికి పెనిన్సులర్ నైస్ అని 1916లో స్మీత్ అనే మైసూరు రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. ఒకప్పుడు ఇదీ గ్రానైట్ లాంటి రాయే. భూమి లోపల వేడికి మెత్తబడి, ఒత్తిడికి సాగింది. రాగిపిండి ముద్ద, గోధుమపిండి ముద్ద కలిపి, సరిగ్గా పిసక్కుండానే చపాతీ ఒత్తి చూడండి. నల్ల చార, తెల్ల చార పడుతుంది. ఇక్కడ తెల్లవి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్. నల్లవి బయోటైట్ అనే నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్.

ఈసారి వెళ్ళినప్పుడు చారల్ని అడ్డంగా కోసుకుంటూ పోయే లేత రంగు పట్టీ ఒకటి వెతకమనండి. చార ముందు వచ్చిందా, పట్టీ ముందు వచ్చిందా అని అడగండి. కోసింది తరవాతదే కదా! రాళ్ళ వయసు వరస కట్టే పని అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: గ్రానైట్ అంటే కరిగి గడ్డకట్టిన రాయి అని మీరు పోయిన నెల రాశారు. అగ్నిపర్వతం లేనిచోట రాయిని కరిగించేంత మంట ఎక్కడిది?
– ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మారతహళ్ళి

జవాబు: మంట గురించి అందరూ అడుగుతారు బాబూ, నీళ్ళ గురించి ఎవరూ అడగరు. అసలు కథ నీళ్ళది.

వేడి సంగతి ముందు తేల్చేద్దాం. రెండు భూఖండాలు గుద్దుకుంటే పైపొర మడతలు పడి మందమవుతుంది, పైన కొండలు లేస్తాయి. అడుక్కి పోయిన రాయిలో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా వేడి పుట్టిస్తూనే ఉంటాయి. పైన మందపాటి దుప్పటి, కింద కుంపటి. కింది నుంచి వేడి శిలాద్రవం వచ్చి చేరితే ఇంకా తొందర. ఇదేదో పాతకాలపు ముచ్చట కాదు. హిమాలయాల్లో సుమారు రెండు కోట్ల ఏళ్ళ కిందటే ఇలా తెల్ల గ్రానైట్లు పుట్టాయి. మన లెక్కలో అది నిన్న మొన్నటి సంగతి.

అంత వేడి ఉన్నా పొడిరాయి ఒక పట్టాన కరగదు. గ్రానైట్‌లోని ఖనిజాలు నీళ్ళ తడి లేకుండా కరగాలంటే సుమారు వెయ్యి డిగ్రీల దాకా పోవాలి. అదే లోతున, ఒత్తిడిలో కాస్త నీరు తగిలితే 650, 700 డిగ్రీలకే కరగడం మొదలెడతాయి. టటిల్, బోవెన్ అనే ఇద్దరు ఇది ప్రయోగశాలలో కరిగించి చూపించారు. వాళ్ళ పుస్తకం 1958లో వచ్చింది. సిలికాన్, ఆక్సిజన్ గొలుసుల్లా అల్లుకుని రాయిని గట్టిగా పట్టుకుంటాయి. నీరు ఆ గొలుసుల్ని తెంపుతుంది, అంతే.

ఇరవై కిలోమీటర్ల లోతున నీళ్ళేమిటి అంటారా? అక్కడ చెరువులుండవు. నీరు బయోటైట్ లాంటి ఖనిజాల ఒంట్లోనే బందీగా ఉంటుంది. 800 డిగ్రీలు దాటేసరికి బయోటైట్ ఇక తట్టుకోలేక విడిపోతుంది. ఆ నీటిని పక్కనే పుడుతున్న ద్రవం తాగేస్తుంది. అలా పోగైన ద్రవమే పైకి ఎక్కి, చల్లారి గ్రానైట్ అవుతుంది.

చల్లారేటప్పుడు ఇంకో తమాషా ఉంది. పలుగురాయికీ ఫెల్డ్‌స్పార్‌కీ నీళ్ళతో పని లేదు, కాబట్టి అవి గడ్డకట్టే కొద్దీ మిగిలిన ద్రవంలో నీరు పోగవుతుంది. ఆ ఆఖరి రసం పగుళ్ళలోకి దూరి పెద్ద పెద్ద స్ఫటికాలు కడుతుంది. మాది గూడూరు వైపు. మా మేనమామ పనిచేసిన మైకా గనిలో అభ్రకం పలకలు పుస్తకాల్లా దొంతర్లుగా ఉండేవి. చిన్నప్పుడు గోటితో ఒక్కో రేకూ ఊడదీసి, వెలుతురుకు అడ్డం పెట్టి చూసేవాణ్ణి. అవి ఆ ఆఖరి రసంలో పెరిగినవేనని తెలియడానికి నాకు ఇంకో పదేళ్ళు పట్టింది.

ప్రశ్న: కబ్బాళమ్మ గుడికి వెళ్ళి, పక్కనే ఉన్న పాత క్వారీ చూశాం. బూడిదరంగు చారల రాయి మధ్యలో అక్కడక్కడా నూనె ఒలికినట్టు ముదురు మచ్చలున్నాయి. లారీల డీజిల్ అని మావాళ్ళన్నారు. నిజమేనా?
– ఓ డిగ్రీ విద్యార్థి, కె.ఆర్. పురం

జవాబు: మీవాళ్ళకు నా చెయ్యి కలుపుతున్నాను. నలభై ఏళ్ళ కిందట అదే క్వారీలో నా నోటుబుక్కులో నేనూ "మరక, క్వారీ యంత్రాలది కావచ్చు" అని రాసుకున్నాను. మా సారు అది చదివి, ఏమీ అనకుండా సుత్తి చేతికిచ్చారు. పగలగొట్టాను. మరక లోపలికీ ఉంది. ఇంకో దెబ్బ వేస్తే ఇంకా లోపలికీ ఉంది. బ్యాచ్ అంతా నవ్వారు. ఆ పేజీ నా దగ్గర ఇంకా ఉంది.

ఆ మచ్చ పేరు చార్నకైట్. కలకత్తాలో ఉన్న ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీది రాయిని చూసి, 1893లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. ఆ రాయి వెళ్ళింది మన మద్రాసు నుంచే. చెన్నైలో పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ కొండలు ఆ రాయే. అక్కడ కొండకు కొండే చార్నకైట్. మీరు చూసిన క్వారీ ఉన్న కబ్బాళదుర్గ గొప్పతనం ఏమిటంటే, ఇక్కడ నైస్ చార్నకైట్‌గా మారుతూ మారుతూ సగంలో ఆగిపోయింది. 1960లో ఈ సంగతి లోకానికి చెప్పింది మైసూరు శాస్త్రవేత్త పిచ్చముత్తు.

మళ్ళీ వెళ్తే మచ్చ అంచు దగ్గర వంగి చూడండి. నైస్ చారలు అంచు దాకా బుద్ధిగా వచ్చి, లోపలికి అడుగు పెట్టగానే చెరిగిపోతాయి. లోపలి గింజలు బయటివాటికంటే పెద్దవి. నల్ల బయోటైట్ రేకులు, హార్న్‌బ్లెండ్ తగ్గిపోయి, వాటి స్థానంలో పైరాక్సీన్ అనే ఖనిజం గోధుమరంగు గింజలుంటాయి. బయోటైట్‌లో, హార్న్‌బ్లెండ్‌లో నీరుంది. పైరాక్సీన్‌లో లేదు. అంటే ఆ మచ్చ మేర రాయి ఎండిపోయింది.

ఎండగట్టింది ఎవరు? సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట, దాదాపు ఇరవై కిలోమీటర్ల లోతున, 700 డిగ్రీలు దాటిన వేడిలో పగుళ్ళ వెంట కార్బన్ డయాక్సైడ్ వచ్చిందని 1980లలో చాలామంది అన్నారు. మజ్జిగలో నీళ్ళు పోస్తే పులుపు తగ్గినట్టు, ఆ వాయువు కలిసేసరికి అక్కడున్న నీటి బలం పలచబడి, బయోటైట్ నిలవలేక విడిపోయిందని వాళ్ళ వాదన. దీనికి సాక్ష్యం పలుగురాయి గింజల్లోనే ఉంది. మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేని బుడగలవి, అప్పటి వాయువు అందులో చిక్కుకుపోయింది. పలచగా అరగదీసిన ముక్కను మైక్రోస్కోపు కింద గడ్డకట్టేదాకా చల్లబరిచి, నెమ్మదిగా వేడెక్కనిస్తారు. సరిగ్గా మైనస్ 56.6 దగ్గర బుడగలోని మంచు కరిగిందా, అది స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడే. మొదటిసారి అది కరగడం చూసినప్పుడు నేను ఊపిరి బిగబట్టుకున్నాను.

వాయువు ఒక్కటే కాదు, గాఢమైన ఉప్పునీరు కూడా పాల్గొందని తరవాత మరికొందరన్నారు. కాదు, కరిగిన ద్రవమే నీటిని పీల్చుకుని లేచిపోయిందని ఇంకొందరు. ఆ తగువు తెగలేదు. నా ఓటు మాత్రం అందరికీ తలా కాస్త. పగుళ్ళ వెంట వరసగా కనపడే మచ్చలకు బయటి నుంచి వచ్చిన వాయువే సరైన సమాధానం అనిపిస్తుంది. కొండకు కొండే మారిన పల్లావరానికి అదే లెక్క చెప్పమంటే అంత వాయువు ఎక్కడిదని నాకే అనుమానం.

ఇంకో మాట. రామనగర బండలు, కబ్బాళదుర్గ ఒకే కుటుంబం. రామనగరకు పాత పేరు క్లోజ్‌పేట. ఆ పేరుతోనే పిలిచే గ్రానైట్ పట్టీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 400 కిలోమీటర్లు సాగుతుంది, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళే. ఇక్కడి భూమి వాలుగా లేవడంతో దక్షిణానికి పోయేకొద్దీ మనం లోతుకు పోతున్నట్టే. ఇరవై కిలోమీటర్ల లోతు రాయిని నువ్వు చెప్పులతో తొక్కావంటే, పైనున్న కొండంతా వానకూ గాలికీ అరిగి సముద్రంలో కలిసిపోయిందన్న మాట.

ప్రశ్న: వంటింటి గట్టుకి గెలాక్సీ గ్రానైట్ వేయించాం. అది నిజంగా గ్రానైటేనా?
– ఓ టీచరు, హొరమావు

జవాబు: అది ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి. షాపువాడు గ్రానైట్ అంటాడు, మేము గాబ్రో అనే నల్ల రాయి జాతి అంటాం. పాలిష్ ఎక్కే గట్టి రాయి ఏదైనా వాళ్ళకు గ్రానైటే, నేను వాదించడం మానేశాను. అందులో మెరిసే చుక్కలు బ్రాంజైట్. అది పై జవాబులో చెప్పిన పైరాక్సీన్‌కి సొంత అక్క.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 1100 అడుగులు బోరు వేశాం, దుమ్ము తప్ప చుక్క రాలేదు. రాయిలో నీళ్ళుంటాయని మీరే రాస్తారు!
– ఓ అసోసియేషన్ సెక్రటరీ, వైట్‌ఫీల్డ్ వైపు

జవాబు: సార్, నా మీద కోపం అర్థమైంది. మా లేఅవుట్‌లో కూడా కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే ఆయన్ని పిలిచారు. నేను వద్దన్నాను, నన్ను మీటింగుకి పిలవడం మానేశారు. కాయ నిలబడింది, బోరు ఎండింది.

బోరులో వచ్చేది వాన నీరు. పైనున్న మెత్తటి పొర, దాని కింది పగుళ్ళు దాన్ని దాచుకుంటాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు బిగుసుకుంటాయి కాబట్టి, ఇంకో వంద అడుగులు పోదాం అన్న ప్రతిసారీ ఆశ తగ్గాలి, మనకేమో పెరుగుతుంది. ఇంకా దింపకండి. ఆ డబ్బుతో డాబా మీది వాన నీటిని వడకట్టి, నీళ్ళున్న పాత బోరులోకి దింపండి.

ఇక నేను రాసిన నీళ్ళంటారా, అవీ మీ బోరులోంచి వచ్చాయి. గేటు దగ్గర గుట్టగా పోసిన రాతిపొడిని గుప్పెడు తీసి, ప్లేటులో కడిగి ఎండలో పెట్టండి. నల్లగా మెరిసే రేకులు బయోటైట్. దాని బరువులో నూటికి నాలుగు పాళ్ళ దాకా నీరే. పిండుకోవాలంటే మాత్రం 800 డిగ్రీలు కావాలి.