కొట్లాటలు లేని గేములు తయారు చేస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. కొబ్బరి, అరటి తోటలున్నాయి. అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఈఏపీసెట్ రాసి సీఎస్ఈలో చేరుతుందనుకుంటుంటే వీడియో గేములు డిజైన్ చేస్తానంటోంది. అదీ కొట్టుకోవడాలు, చంపుకోవడాలు లేని రోల్ ప్లేయింగ్ గేములట. అలాంటివి అసలు ఉంటాయా? అవి అన్నం పెడతాయా? ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు తగలేసినవాళ్లను కళ్లారా చూశాం, అందుకే టెన్షన్.

జవాబు: ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దామండీ. మీరు చూసింది పేకాట, బెట్టింగు. అరుగు మీద నుంచి ఫోన్లోకి మారాయి, అంతే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం కూడా చేసింది. మీ అమ్మాయి చెప్పేది వేరు. అందులో ఆడేవాళ్లు కథలో ఒక పాత్ర అవుతారు. నిర్ణయాలు వాళ్లే తీసుకోవాలి, ఫలితం కూడా వాళ్లే పడాలి.

ఉంటాయా అంటే, ఉన్నాయి. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియంలో మామూలు గేముల్లాంటి ఫైటింగ్ ఉండదు. రెండు పాచికలు, మాటలు, వాటి పర్యవసానాలు, అంతే. తుపాకులు పేలే ఘట్టం కూడా అవే పాచికల మీద నడుస్తుంది. (అది పెద్దలు ఆడే గేము. తాగుడు, బూతులు బాగానే ఉంటాయి, చెప్పలేదనకండి.) 2015 నాటి అండర్‌టేల్‌ని ఎవరినీ చంపకుండా ముగించవచ్చు. కెనడా వెళ్లిన తమిళ కుటుంబం మీద 2023లో వెన్బా వచ్చింది. రోల్ ప్లేయింగ్ అనలేం గానీ, అందులో మొదటి పరీక్ష ఇడ్లీ వండటమే. 2024లో దానికి బ్రిటన్ వాళ్ల బాఫ్టా అవార్డుల్లో, తొలిసారి గేము చేసినవాళ్లకిచ్చే అవార్డు దక్కింది.

మరి ఇన్నేళ్లూ కత్తులే ఎందుకంటే, పుట్టుకే అలాంటిది. ఈ రోల్ ప్లేయింగ్ ఆటలకు మూలమైన 1974 నాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్, బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆటల్లోంచి వచ్చింది. పైగా కంప్యూటరుకి కత్తిదెబ్బ చాలా తేలిక. పాత్ర ప్రాణం వంద అనుకుంటే, అందులోంచి పన్నెండు తీసేస్తే ఎనభై ఎనిమిది, లెక్క అయిపోయింది. ఒక ముసలావిడను ఒప్పించడం తీసివేత లెక్క కాదు కదా!

మీ అమ్మాయి తేల్చుకోవాల్సింది ఇక్కడే. కొట్లాట తీసేయడం ఎవరైనా చేస్తారు. దానితోపాటు పోయే భయం, తొందర, నష్టం మళ్లీ ఎక్కడి నుంచి తెస్తుంది? మీ ఊళ్లోనే ఉందండీ అది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గేముకి ఇవే మూడు అంకాలు అనుకోండి. ఆడేవాళ్ల చేతిలో ఒక్కటే నావ. ఒక మామ్మ గేదెను వదిలి రానంటుంది. గేదెను ఎక్కిస్తే నలుగురు మనుషులు ఆగిపోతారు. బతిమాలితే పొద్దు గడిచిపోతుంది. మనవరాలిని పంపి చెప్పించవచ్చు, కానీ పిల్ల అవతలి రేవులో ఉంది. ఇంకో మెలిక: నిరుడు ఈ నావ నడిపే మనిషే, అంటే ఆడేవాళ్ల పాత్రే, ‘నీళ్లొచ్చేస్తున్నాయి’ అని ఇళ్లు ఖాళీ చేయించాడు, నీళ్లు రాలేదు. ఈసారి ఆయన మాటకు విలువెంత? గేములో ప్రాణానికి బదులు లెక్క పెట్టాల్సింది ఆ విలువనే.

రాయడం కూర్చుంటే మొదటి దెబ్బ వెంటనే తగులుతుంది. ప్రతిచోటా రెండు దారులిస్తే పది నిర్ణయాలకు 1,024 ముగింపులు. ఎంపీసీ పిల్ల కాబట్టి ఆ లెక్క తనకు నేను చెప్పక్కర్లేదు. అన్నీ ఎవరూ రాయలేరు. అందుకే లంక దగ్గర చీలిన పాయ లంక దాటాక కలిసినట్టు, కథను మళ్లీ కలుపుతారు. కాకపోతే ఏ పాయలో వచ్చిన నీళ్లు ఆ మట్టి తెస్తాయి. గేదెను వదిలేయించిన సంగతి మామ్మ చివరిదాకా మర్చిపోకూడదు.

దీనికి లక్షల ఖర్చు లేదు. ఇలా దారులు చీలే కథలు తయారుచేసే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, కోడింగ్ రాకపోయినా నడుస్తుంది, తెలుగులోనే రాసుకోవచ్చు. తర్వాత అలాంటిదే ఇంక్, ఆపైన పూర్తి గేములు తయారుచేసే ఇంజిన్ (సాఫ్ట్‌వేర్) గోడో నేర్చుకోవచ్చు, అవీ ఉచితమే. కొన్ని ఇంజిన్లలో తెలుగు ఒత్తులు విడిపోయి దరిద్రంగా కనిపిస్తాయి. 2023లో వచ్చిన గోడో 4లో ఆ బాధ లేదు.

ఇక చదువు. ఈఏపీసెట్ మానొద్దు. దాంతోపాటు డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష యూసీడ్ రాయించండి. జనవరిలో ఉంటుంది, అంతకుముందు అక్టోబరు ప్రాంతంలో దరఖాస్తులు తీసుకుంటారు. ఐఐటీ హైదరాబాద్‌తో సహా కొన్ని ఐఐటీల్లో బీడిజైన్ సీట్లు దాంతోనే. సీఎస్ఈలో చేరినా దారి మూసుకుపోదు. డిగ్రీ అయ్యాక ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్ పీజీ ఉంది. ‘గేమింగ్ డిగ్రీ’ అని లక్షలు అడిగే ప్రైవేటు కాలేజీకి వెళ్తే మాత్రం ఒక్కటే అడగండి: మీ పాత విద్యార్థులు పూర్తిచేసిన గేములు చూపిస్తారా? నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఉద్యోగాల గురించి దాచను. కొట్లాటల్లేని గేములకు డిజైనర్ కావాలని ఎవరూ ప్రకటన వేయరు. కథ రాసే కొలువులు కంపెనీకి ఒకటో రెండో. మొదటి ఉద్యోగం మొబైల్లో మిఠాయిలు పేల్చే గేముకి లెవెల్స్ చేయడం కావచ్చు, టెస్టింగ్ కావచ్చు. ఆ ఇంటర్వ్యూలో కూడా అడిగేది ‘ఏం పూర్తి చేశావు’ అనే. ‘ఏం చేద్దామనుకుంటున్నావు’ అని కాదు. అందుకే కోడింగో డ్రాయింగో, రెంటిలో ఒకటి చేతిలో ఉండాలంటాను.

ఇంటర్ పరీక్షలయ్యాక ఓ నెల ఇవ్వండి. ఇరవై నిమిషాల్లో ఆడి ముగించేంత చిన్న గేము, మామ్మ, గేదె, నావ, అంతే చాలు. అయ్యాక ఇంట్లో 1986 వరద చూసిన పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లచేత ఆడించమనండి. గేదె దగ్గర వాళ్లేం చేశారో నాకూ రాయండి.